మడి దాటిన మన్ను

“ఓ పొయ్యీ, ఆమెని అడుగు. ఆ గడ్డి తెమ్మని ఆమెకి ఎవరు చెప్పారో అడుగు.”

పులుంగ్ తాత చేతిలోని క్యారెట్ దుంపని వంటింటి గచ్చు మీదికి విసిరాడు. అది దొర్లలేదు. పడ్డచోటే చితికిపోయి నీరు కార్చింది. ఇల్లంతా ముక్కిన వాసన.

మాలెమ్ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. మామగారూ కోడలూ ముఖాముఖి మాట్లాడుకోకూడదన్నది మా కరో తెగవాళ్ళ ఆచారం. ఈ ఇంటికి కోడలై వచ్చిన ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట కూడా నేరుగా అనుకోలేదు. మధ్యలో మనిషుంటే మనిషితో, లేకపోతే గోడతోనో గిన్నెతోనో చెప్పుకుంటారు. మామూలు రోజుల్లో అదొక సరదా. “ఓ కుర్చీ, కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పు” అని ముసలాయన అనేవాడు. “ఓ కుర్చీ, నిన్న చాల్లేదని సణిగింది ఎవరో కనుక్కో” అని మాలెమ్ అనేది. ఇద్దరూ చెరో పక్కకి తిరిగి నవ్వుకునేవాళ్ళు.

“ఓ పొయ్యీ, ఎవరూ చెప్పలేదని చెప్పు” అంది మాలెమ్. “నా బుద్ధితోనే తెచ్చాను.”

“వినపడింది” అన్నాడు ముసలాయన, పొయ్యి వైపే చూస్తూ.

గుమ్మంలో పెర్దామెన్ రబ్బరు బూట్లు విప్పకుండా నిలబడి ఉన్నాడు. తెల్లవారగానే పొలానికి వెళ్ళి ఇప్పుడే వచ్చాడు. తండ్రి ముఖం చూడలేక, భార్య ముఖం చూడలేక, గచ్చు మీద చితికిన దుంపని చూస్తూ చెప్పాడు.

“మూడో మడి కూడా పోయింది నాన్నా.”

“ఎంత?”

“ఎంతని చెప్పను? పైన ఆకు పచ్చగానే ఉంది. పట్టుకుని లాగితే ఆకొక్కటే చేతికొస్తోంది. దుంప మట్టిలోనే ఉండిపోతోంది.”

“పైమడులు?”

“పైన రెండూ బాగున్నాయి. ఇప్పటికి.”

కెటిల్లో నీళ్ళు మరిగి మూత ఎగురుతోంది. దాన్ని దించాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఆ గడ్డి సంగతి ఊరందరికీ తెలుసు. ఎండాకాలం వానల్లేక మడులు బీటలిచ్చినప్పుడు, మాలెమ్ తను కూలికి వెళ్ళే కొండ మీది హోటల్లో కత్తిరించిన పచ్చిక గోతాల్లో కుక్కి, తలకెత్తుకుని తెచ్చేది. ఒక్కో మడికీ దుప్పటి కప్పినట్టు కప్పింది. తడి నిలిచింది. మొక్క నిలిచింది. చుట్టుపక్కల పొలాలు వాడిపోయినా వీళ్ళది పచ్చగా ఉంది. అప్పుడు పులుంగ్ తాత ఊరి కాఫీ కొట్లో కూర్చుని, ఎవరికీ కాకుండా బల్లతో అన్నాడట: “ఓ బల్లా, మా ఇంటికి వచ్చిన పిల్ల చేతిలో ఏదో ఉందని చెప్పు.” ఆ మాట మాలెమ్ చెవిన పడినప్పుడు ఆమె రెండు రోజులు తనలో తనే నవ్వుకుంది.

తర్వాత వానలు పడ్డాయి. హోటల్ పచ్చికలో అక్కడక్కడా పళ్ళెమంత వలయాలుగా గడ్డి పసుపుబారింది. తోటమాలి ఎండదెబ్బ అన్నాడు. వానల్లో ఎండదెబ్బేమిటని మాలెమ్ అడగలేదు.

నిన్న సాయంత్రం వ్యవసాయ ఆఫీసు నుంచి లెస్తారి అనే అమ్మాయి వచ్చింది. మడిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక దుంప మెడ దగ్గర మట్టి వేలితో తప్పించి చూపించింది. దూదిపోగుల్లా తెల్లటి బూజు. ఆ పోగుల మధ్య గోధుమరంగు గింజలు, అచ్చం ఆవగింజల్లా.

“ఇవే విత్తనాలు అనుకోండి” అందామె. “దుంప కుళ్ళిపోయినా ఇవి చావవు. మట్టిలో ఏళ్ళ తరబడి పడుకుని ఉంటాయి. మళ్ళీ ఏదైనా వేశారా, లేస్తాయి.”

“మందు?” అని అడిగాడు పెర్దామెన్.

“మొదట్లో అయితే చూసేవాళ్ళం. ఇప్పుడు పీకి తీసేయడమే. సున్నం చల్లి, లోతుగా తిరగేసి, రెండు మూడేళ్ళు మొక్కజొన్న వేసుకోండి. అప్పుడైనా పూర్తిగా పోతుందని మాటివ్వలేను.”

మాలెమ్ ఆ గింజల వైపే చూస్తూ అడిగింది. “నేను తెచ్చిన గడ్డితో వచ్చిందా అమ్మా?”

ఆ అమ్మాయి చేతుల మట్టి దులుపుకుంటూ లేచింది. “గడ్డికీ ఇదే తెగులు వస్తుంది. రావచ్చు. ముందునుంచే మీ మట్టిలో ఉండి, తడికి లేచి ఉండొచ్చు. ఎవరి కాళ్ళకో అంటుకుని వచ్చి ఉండొచ్చు. నేను చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు.” సంచీ భుజాన వేసుకుంటూ ఇంకో మాట చెప్పింది. “ఒక్కటి మాత్రం చేయండి. ఈ మన్ను మడి దాటనివ్వకండి. పారలు, బూట్లు, యంత్రాలు, ఏవైనా సరే శుభ్రంగా కడగందే బయటికి తీయొద్దు.”

ఆ మాట విన్న క్షణంలోనే మాలెమ్‌కి టిల్లర్ గుర్తుకొచ్చింది.

బుధవారం నాడు, ఇది నీరు నిలిచిన కుళ్ళే అనుకుని, మొదటి మడిని టిల్లర్‌తో దున్నేశారు. గురువారం ఆమె తమ్ముడు ఉకుర్ వచ్చి దాన్ని తోలుకుపోయాడు. రెండిళ్ళకీ కలిపి ఒకటే టిల్లర్.

“ఉకుర్‌కి చెప్పాలి” అంది ఇప్పుడు, కెటిల్ దించుతూ.

పెర్దామెన్ బూట్లు విప్పడం మొదలుపెట్టినవాడు ఆగిపోయాడు. “ఏం చెబుతావు?”

“టిల్లర్ కడిగి వాడుకోమని.”

“ఎందుకు కడగాలని వాడు అడగడా?”

“అడిగితే ఉన్నది చెబుతాను.”

“చెబితే? గంటలో ఊరంతా పాకుతుంది. సోమవారం పైమడుల కోసం లారీ రావాలి. ఈ మాట వింటే వ్యాపారి మన గట్టు మీద కాలు పెడతాడా? బాగున్న దుంపని కూడా ముట్టుకోడు.”

“బాగున్నాయని నువ్వంటున్నావు. ‘ఇప్పటికి’ అని కూడా నువ్వే అన్నావు.”

“నామీద పడతావేమే? గడ్డి నేను తెచ్చానా?”

మాట జారింది. జారిందని అతనికీ తెలిసింది. మాలెమ్ గచ్చు మీది దుంపని పాత గుడ్డతో ఎత్తి, బయట పారేయబోయి, ఎక్కడ పారేయాలో తెలియక ఆగిపోయింది. పెరట్లో వేస్తే పెరడు పాడవుతుంది. కాలవలో వేస్తే కిందివాళ్ళ పొలాలకి పోతుంది. చివరికి పొయ్యిలో వేసింది. తడిగా ఉందేమో, చాలాసేపు బుసలు కొట్టింది కానీ కాల్లేదు.

“ఓ గోడా,” అన్నాడు పులుంగ్ తాత, “సోమవారం లారీ వెళ్ళాక చెప్పుకోమను. రెండ్రోజుల్లో ఏం మునగదు. పిల్లనిచ్చిన ఇంటికి మన చేతులతో తెగులు పంపామని ఏ ముఖంతో చెబుతాం?”

మా వాళ్ళలో పిల్లనిచ్చిన ఇంటివాళ్ళంటే కంటికి కనిపించే దేవుళ్ళు. వాళ్ళ మనసు నొచ్చుకుంటే పంట పండదని, కడుపు పండదని పెద్దల నమ్మకం. ఉకుర్ వయసులో చిన్నవాడే. అయినా వాడు వస్తే డెబ్భై ఏళ్ళ ముసలాయన లేచి తెల్ల చాప పరుస్తాడు.

“ఓ గోడా, పంపి ఊరుకోవడం కన్నా చెప్పడమే మేలని చెప్పు” అంది మాలెమ్.

గోడ మాట్లాడలేదు. వాకిట్లో మాత్రం ఎవరో ఈల వేస్తున్నారు.

“అక్కా! కుక్కని కట్టేశావా, లేదా? పోయినసారి ప్యాంటు చింపింది, ఈసారి నీ దగ్గరే కుట్టించుకుంటా!”

ఉకుర్.

పెర్దామెన్ చప్పున లేచి, గుమ్మం పక్కన కుప్పగా ఉన్న కుళ్ళిన దుంపల మీద గోనెపట్టా లాగాడు. ముసలాయన చుట్ట చుట్టి గోడకి వేలాడదీసిన తెల్ల చాప దింపి పరిచాడు.

ఉకుర్ నవ్వుతూ లోపలికి వచ్చాడు. చేతిలో భార్య నుర్లియా చేసిన తీపి పిండివంట, ఆకుల పొట్లంలో. “ఇదిగో, నుర్లియా పంపింది. చింపా. బెల్లం తగ్గిందని నువ్వు వంక పెడతావని ముందే చెప్పమంది.”

“కూర్చో” అంది మాలెమ్.

“ఏమైంది మీకు? చర్చిలో కానుకల డబ్బా ఎత్తుకుపోయిన ముఖాలు పెట్టుకున్నారు.” చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు. “మామయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది?”

“ఉన్నాను నాయనా” అన్నాడు పులుంగ్ తాత, తమలపాకుల పళ్ళెం ముందుకు జరుపుతూ.

“బావా, మీ ఇంట్లో పాత బెల్టొకటి ఉండాలి కదా, టిల్లర్‌ది? తోలుకెళ్ళిన రోజే తెగింది. షాపువాడు రేపు రేపు అంటున్నాడు. నుర్లియా విత్తనానికి బంగాళాదుంపలు కోసిపెట్టుకుని కూర్చుంది. ఇవాళ దున్నకపోతే నన్నే కోసి పాతేలా ఉంది.”

అంటే టిల్లర్ ఇంకా నడవలేదు. మాలెమ్ గుండె ఒక్కసారి తేలికైంది. ఇంకా ఏమీ కాలేదు. ఒక్క మాట చాలు.

“గురువారం నుంచి అలాగే ఉందా?” అని అడిగింది.

“షెడ్డులో పడుంది. మీ మన్ను చక్రాలకి పట్టుకుని బంకలా ఉంది. కడుగుదామని నుర్లియా అంటే నేనే వద్దన్నాను. అంత నల్లటి మన్ను ఉచితంగా వస్తే ఎవరైనా కడుక్కుంటారా?” పెద్దగా నవ్వాడు. “అన్నట్టు అక్కా, నాకూ ఆ హోటల్ గడ్డి పది గోతాలు ఇప్పించు. నీ క్యారెట్ల మీద ఊరంతా కుళ్ళుకుంటోంది.”

కుళ్ళుకుంటోంది. ఆ మాటకి పెర్దామెన్ తల దించుకున్నాడు.

మాలెమ్ కాఫీ గ్లాసు తమ్ముడి చేతికి ఇచ్చింది. నోరు తెరిచింది. “ఉకుర్...”

“ఇప్పిస్తుందిలే” అన్నాడు పెర్దామెన్ అడ్డొచ్చి. “వచ్చేవారం ఇప్పిస్తుంది. బెల్టు అటక మీద ఉంది, ఉండు తెస్తాను.”

అతను నిచ్చెన ఎక్కి వెతుకుతున్నంతసేపూ వంటింట్లో ముగ్గురే ఉన్నారు. ఉకుర్ కాఫీ ఊదుకుంటున్నాడు. ముసలాయన తమలపాకుకి సున్నం రాస్తూ, రాసిన ఆకుకే మళ్ళీ రాస్తున్నాడు. మాలెమ్ మామగారి వైపు చూసింది. చూడకూడదు, అయినా చూసింది. ఆయన కళ్ళు ఎత్తలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు, ఈగని తోలుతున్నవాడిలా, చాలా కొంచెం.

అంతే. ఆమె నోట్లో మాట అక్కడే ఆగిపోయింది.

పెర్దామెన్ బెల్టు దించి, దుమ్ము దులిపి, బావమరిది చేతిలో పెట్టాడు. ఉకుర్ దాన్ని దండలా మెడలో వేసుకుని, “వెళ్ళొస్తా మామయ్యా, అక్కా, మధ్యాహ్నం వీలైతే రా, దుంపలు నాటే చేతులు కావాలి” అంటూ ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈల మలుపు తిరిగే వరకూ వినపడింది.

మాలెమ్ తలగుడ్డ చుట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికే?” అన్నాడు పెర్దామెన్.

“నీకు తెలియదా?”

“నేనేం చేయను, చెప్పు! చెబితే పైమడులు పోతాయి, చెప్పకపోతే నీ తమ్ముడి పొలం పోతుంది. నన్నేం చేయమంటావు?” నిచ్చెన మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

ఆమె గుమ్మం దాటబోయింది.

“మాలెమ్.”

ఆ పిలిచింది భర్త కాదు.

ఆమె కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఇరవై రెండేళ్ళలో ఆ గొంతు ఆమె పేరు పలకలేదు. పెర్దామెన్ కూడా ముఖం మీంచి చేతులు తీశాడు.

“వెళ్ళకమ్మా” అన్నాడు పులుంగ్ తాత. ఆయన తెల్ల చాప మీద నిలబడి, కోడలి ముఖంలోకి సూటిగా చూస్తున్నాడు. “గోడతో చెప్పడం లేదు. నీతోనే చెబుతున్నాను.”

“నాన్నా!” అన్నాడు పెర్దామెన్, భయంగా.

“నువ్వు నోర్మూసుకో.” ఆయన ఊపిరి ఎగబీలుస్తున్నాడు. “సినాబుంగ్ కొండ బూడిద కక్కిన ఏడు, మన మడుల మీద జానెడు మందాన పడింది. నీకు తెలుసు, నువ్వూ మోశావు. ఊళ్ళోవాళ్ళు సగంమంది వెళ్ళిపోయారు. నేను వెళ్ళానా? తట్టలతో ఎత్తి పోశాను. మీ అత్త దగ్గుతూ, నేను దగ్గుతూ. బూడిదైతే ఎత్తి పోయొచ్చు. దీన్నేం ఎత్తి పోయను? చెప్పమ్మా! ఏ తట్టతో ఎత్తను?”

మాలెమ్ గుమ్మం వదలకుండా ఆయన వైపు తిరిగింది.

“గడ్డితో వచ్చిందో, నా కాళ్ళతోనే వచ్చిందో, ఆ పిల్ల కూడా చెప్పలేకపోయింది. నిన్ను అన్నాను. తప్పే. ఎవర్నో ఒకర్ని అనకపోతే ఊపిరాడలేదు.” చాప మీద అలాగే కూలబడ్డాడు. “రెండ్రోజులు. నా మన్ను చచ్చిపోయిందని ఊరికి రెండ్రోజులు చెప్పకు. అంతే అడుగుతున్నా.”

ముసలాయన ఏడుస్తున్నాడు. మొగవాళ్ళు చావింట్లో ఏడ్చినట్టు, గొంతు దాచుకోకుండా.

ఆమె ఆయన్ని లేవదీయలేదు. ముట్టుకోకూడదు. గుమ్మంలోనే చతికిలబడింది. ఆచారం తెగిపోయింది, ఇంక ఏది పట్టుకోవాలో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. ఎంతసేపు అలా కూర్చుందో ఆమె తర్వాత చెప్పలేకపోయింది. పొయ్యిలో నిప్పు బూడిదైంది. చింపా పొట్లం విప్పకుండానే చల్లారిపోయింది.

అప్పుడు దిగువ నుంచి టిల్లర్ మోత వినిపించింది.

మొదట దగ్గింది. మళ్ళీ దగ్గింది. తర్వాత అందుకుని, తెంపు లేకుండా మోగసాగింది.

“మావయ్యా,” అంది మాలెమ్ లేచి. ఆ పిలుపు ఆమె నోటికి కొత్త. “వాడు నా తమ్ముడు మావయ్యా.”

ఆయన వద్దనలేదు. వెళ్ళమని కూడా అనలేదు.

ఆమె గట్ల మీదుగా పరుగెత్తింది. రాత్రి పడ్డ వానకి దారి జారుతోంది. తమ మొదటి మడి పక్కనుంచి వెళ్ళే అడ్డదారి దగ్గర ఆగింది. అటు వెళితే త్వరగా చేరొచ్చు, కానీ చెప్పులకి ఆ మన్ను అంటుకుంటుంది. చుట్టుదారి పట్టింది, అది కొండ చుట్టూ తిరిగే అరగంట దారి. చుట్టుదారిలో ఎదురైన మనిషి “ఎక్కడికి, ఇల్లు కాలుతోందా?” అని నవ్వాడు. ఆమె ఆగలేదు.

ఉకుర్ పొలం గట్టెక్కేసరికి ఊపిరి అందడం లేదు. చిన్న పొలం, అప్పటికే నల్లగా తిరగబడి ఉంది. ఒక అంచున నాలుగు చాళ్ళ మేర తప్ప అంతా అయిపోయింది. దూరంగా నుర్లియా వట్టి కాళ్ళతో, చంకలో బుట్టతో, దున్నిన చాళ్ళలో విత్తనం దుంపలు పెట్టుకుంటూ వస్తోంది.

“ఉకుర్! ఆపు!”

మోతలో వాడికి వినపడలేదు. అక్కని చూసి చెయ్యి ఊపి, నవ్వి, ఇంకో చాలు మొదలుపెట్టాడు.

“ఆపరా!”

చాలు చివరికొచ్చాక గానీ ఆపలేదు. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఆమె అరుపు ఆమెకే వికారంగా వినిపించింది.

“ఏంటక్కా, వస్తావనుకున్నాగానీ ఇంత పరుగా?”

మాలెమ్ చెప్పింది. వరసగా చెప్పలేకపోయింది. గింజల గురించి ముందు, దుంపల గురించి తర్వాత, లెస్తారి అన్నమాట మధ్యలో. హోటల్ గడ్డి గురించి కూడా చెప్పింది. ఉకుర్ ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. అక్క ఏదో హాస్యమాడుతోందని కాసేపు, తనకి సరిగా అర్థం కాలేదని కాసేపు, అలా కొంచెం కొంచెంగా పోయింది.

వాడు చక్రం దగ్గర కూర్చుని, పళ్ళ మధ్య మన్ను వేలితో గీరి అరచేతిలో వేసుకున్నాడు. నలిపాడు. ఒక గింజ మిగిలింది. గోధుమరంగు.

“ఇదేనా?”

ఆమె తల ఊపింది.

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“నిన్న సాయంత్రం.”

ఉకుర్ ఆ గింజనే చూస్తూ ఉండిపోయాడు. వాడు కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి.

“పొద్దున్న నేను మీ ఇంట్లో కాఫీ తాగాను కదక్కా.”

మాలెమ్ తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంది.

“బావ అటకెక్కి బెల్టు వెతికిచ్చాడు. మామయ్య చాప పరిచాడు. నువ్వు నీ చేత్తో గ్లాసు ఇచ్చావు.” గొంతు పెంచలేదు. మరిచిపోకుండా ఒక్కొక్కటీ చూసుకుంటున్నట్టు అన్నాడు. “తెగులుకి నిన్నేం అనను. అది ఎవరిదీ కాదు. కానీ పొద్దున్న...”



“వదినా!” నుర్లియా దూరం నుంచి పిలిచింది. “అన్నం వేళకే వచ్చావే! ఇద్దరూ అలా నిలబడ్డారేంటి? ఏమైంది?”

ఉకుర్ గింజ ఉన్న అరచెయ్యి మూశాడు. భార్య వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు.

“నువ్వే చెప్పు” అన్నాడు.

నుర్లియా బుట్టని నడుముకి ఆనించుకుని, మెత్తటి చాళ్ళలో మడమల దాకా దిగబడుతూ, నవ్వుతూ వాళ్ళ వైపే వస్తోంది.